బ్రౌన్ బంగ్లా నుంచి చేతిలోని ఫోను దాకా: కడప, కర్నూలు సీమలో తెలుగు నేర్చుకునే పనిముట్ల చరిత్ర

తెలుగు నేర్చుకునేవారు ఈరోజు ఫోనులో ఒక తెలుగు మాట కొట్టి అర్థం వెతికితే, తెర మీద కనబడే జవాబుల్లో ఒకటి తరచుగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువులోనిదే అయి ఉంటుంది. ఆ నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. దాని పునాది మాత్రం అంతకు పాతికేళ్ల ముందే కడపలో పడింది. ఇప్పటి ఎర్రముక్కపల్లెలో ఉన్న ఒక బంగ్లాలో పండితులు తాటాకులు విప్పి చదువుతుంటే, లేఖకులు కాగితాల మీద ఎక్కించేవారు. నిఘంటువు, వ్యాకరణం, వాచకం, అక్షరాల అచ్చు, కంప్యూటరు ఫాంటు, పలుకు రికార్డు ఇవన్నీ భాష నేర్చుకునే పనిముట్లే. తెలుగుకు సంబంధించి వీటి చరిత్ర కడప, కర్నూలు జిల్లాలను పదేపదే తాకుతూ నడిచింది.

కడప సీమ ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది 1800లో. నిజాం ఆ ఏడు కంపెనీకి వదులుకున్న ప్రాంతాలకు దత్తమండలాలు అని పేరు. కర్నూలు అప్పటికి నవాబు కింద ఉండి కంపెనీకి కప్పం కట్టేది. 1839లో గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి దించాక అదీ కంపెనీ పాలనలోకి వచ్చింది. శిస్తు వసూలు చేయాలన్నా, తగాదా తీర్చాలన్నా దొరలకు రైతు మాట అర్థం కావాలి. కచేరీ లెక్కల్లో మరాఠీ, పారసీ నడుస్తుంటే ఊళ్లలో తెలుగు నడిచేది. మధ్యలో దుబాసీ ఏం చెబితే అదే న్యాయం. ఈ చిక్కు తీర్చడానికే 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టారు. కొత్తగా వచ్చిన కుర్ర ఉద్యోగి మున్షీ దగ్గర కూర్చుని రెండు దేశభాషలు నేర్చి పరీక్ష గట్టెక్కాలి.

ఆ కళాశాలతో ముడిపడిన ఎ.డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు అచ్చు వేయించాడు. ఆ వ్యాకరణానికి ముందుమాటగా ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన వ్యాసంలోనే తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని, దక్షిణాది భాషలతో ఒక కుటుంబానికి చెందిందని మొదటిసారి సాక్ష్యాలతో నిలబెట్టారు. అయితే ఆ పుస్తకాలు ఎక్కువగా కావ్యభాషను, లాక్షణికుల సూత్రాలను పట్టుకుని నడిచాయి. వాటితో పరీక్ష గట్టెక్కవచ్చు గాని, చెరువు కట్ట మీద నిలబడిన రైతు మాట మాత్రం పట్టుబడదు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లింది. హెయిలీబరీలో చదువుకుని 1817లో మద్రాసు చేరిన బ్రౌన్‌కు వెలగపూడి కోదండరామ పంతులు తెలుగు ఓనమాలు దిద్దించాడు. 1820లో కళాశాల నుంచి బయటికి వస్తూ విన్న గవర్నరు థామస్ మన్రో ప్రసంగం తన మనసులో నాటుకుందని బ్రౌన్ తరువాత రాసుకున్నాడు. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన మన్రోకు జనభాష తెలియని పాలన ఎంత బోలుగా ఉంటుందో అనుభవం మీద తెలుసు. ఆ ఏడాది ఆగస్టులోనే బ్రౌన్ కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా చేరాడు. కడపలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు పెట్టాడు. 1822లో బదిలీ మీద కోస్తాకు వెళ్లి మచిలీపట్నం, రాజమహేంద్రవరాల్లో పనిచేశాడు.

తెలుగు మీద అసలు ఆసక్తి ఆయనకు అక్కడే పుట్టింది. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, 1824 నుంచి వేమన పద్యాలు సేకరించడం మొదలుపెట్టాడు. దొరికిన తాటాకు ప్రతులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు. ఉన్నా మాట మారిపోయింది. ఏది అసలు పాఠమో తేల్చాలంటే ప్రతులన్నీ ఒక చోట పెట్టి పోల్చి చూడాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

1826లో మళ్లీ కడపకు వచ్చిన బ్రౌన్ సొంత డబ్బుతో తోట, బంగ్లా కొన్నాడు. పండితులను, లేఖకులను పిలిపించి నెల జీతాలిచ్చాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. దాని మంచి చెడ్డలు చూసుకునే బాధ్యత అయోధ్యాపురం కృష్ణారెడ్డిది. జూలూరి అప్పయ్యశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు బ్రౌన్ కోసం పనిచేశారు. వీళ్ల పేర్లు నిఘంటువు అట్ట మీద కనబడవు. కానీ ఆ నిఘంటువులో ఏ పుట తెరిచినా కనబడే పనితనం వాళ్లది. అట్ట మీద ఒక పేరే ఉన్నా, ఆ పుస్తకానికి కర్తలు చాలామంది.

పని నడిచిన తీరు వివరంగా చెప్పుకోదగ్గది. ఒక కావ్యం తీసుకుంటే ముందు దాని ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వాకబు చేసి, కొని తేవడమో, అరువు తెచ్చి నకలు తీయించడమో చేసేవారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలకు మసి పూస్తే తప్ప చదవడానికి వీలుండదు. మాటకూ మాటకూ ఎడం ఉండదు. పద్యపాదాలు విడగొట్టి రాయరు. పురుగు తొలిచిన చోట అక్షరం పోతుంది. లేఖకుడు దాన్ని కాగితం మీదికి ఎక్కిస్తే, పండితుడు మిగిలిన ప్రతులతో సరిచూసి పాఠభేదాలు గుర్తించేవాడు. ఒప్పుకున్న పాఠానికి తేలిక తెలుగులో వ్యాఖ్య రాసేవారు. మనుచరిత్ర, వసుచరిత్రలకు అప్పయ్యశాస్త్రి వ్యాఖ్యలు అలా పుట్టినవే. ఇలా శుద్ధి చేసిన కావ్యాల్లోంచి, దానితో పాటు కచేరీ అర్జీల్లోంచి, వీధి మాటల్లోంచి పదాలు ఏరి అర్థం, ప్రయోగం రాసుకుంటూ పోయాడు బ్రౌన్. ఈనాటి భాషాశాస్త్రజ్ఞులు ముందు పాఠాల రాశి పోగుచేసి, ఆ తరువాత అందులోంచి నిఘంటువు తీస్తారు. కంప్యూటర్లు పుట్టడానికి నూరేళ్లకు పైగా ముందే ఆ వరుసలోనే కడపలో పని జరిగింది.

ఇందుకయ్యే ఖర్చు సర్కారు పెట్టలేదు. బ్రౌన్ తన జీతంలోంచి పెట్టాడు. చాలనప్పుడు అప్పులు చేశాడు. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం, 1829లో 693 వేమన పద్యాలతో ఇంగ్లీషు అనువాదం వెలువడ్డాయి. 1839 నాటి రెండో కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. వేమనను పండితులు పట్టించుకోని కాలమది. నేర్చుకునేవాడికి మొదటి వాచకంగా వేమనను ఎంచుకోవడం బ్రౌన్ చేసిన తెలివైన పనుల్లో ఒకటి. చిన్న పద్యం, తెలిసిన మాటలు, నోటికి వచ్చే నడక. పరాయి భాష పట్టుబడటానికి ఇంతకన్నా మంచి దారి లేదని ఈనాటి భాషా ఉపాధ్యాయులూ ఒప్పుకుంటారు.

1835లో సెలవు మీద లండన్ వెళ్లిన బ్రౌన్ అక్కడ ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది రాతప్రతులను చూసి, వాటిని మద్రాసుకు తిరిగి పంపేలా చేశాడు. 1838లో వెనక్కి వచ్చాక 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. దానికి జంటగా ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా వచ్చింది. 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువడింది. తెలుగులో కలిసిపోయిన పారసీ, హిందుస్తానీ, మరాఠీ మాటల పట్టిక ఇది. సీమ తెలుగు తెలిసినవారికి దీని విలువ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. నవాబుల కర్నూలులోనూ, కడపలోనూ కచేరీ నుంచి సంత దాకా ఆ మాటలు లేని తెలుగు ఉండేది కాదు. పండితులు మ్లేచ్ఛమని పక్కన పెట్టిన మాటలకు బ్రౌన్ ఒక పుస్తకమే కేటాయించాడు.

వాచకాల విషయంలోనూ ఆయన చూపు అదే. ఉత్తరాలు, అర్జీలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలతో ఒక తెలుగు వాచకం కూర్చాడు. తాతాచార్యులు చెప్పిన కథలను చెప్పిన తెలుగులోనే రాయించాడు. అనంతపురం హండే ప్రభువుల చరిత్రను చెప్పే ఒక సీమ వచన గ్రంథాన్ని 1853లో రాజుల యుద్ధాలు అనే పేరుతో అచ్చు వేయించాడు. మనుషులు నిజంగా రాసుకునే, మాట్లాడుకునే తెలుగు చదివితేనే తెలుగు వస్తుందని ఆయన నమ్మకం. తెలుగునాట వ్యావహారిక భాషోద్యమం ఊపందుకోవడానికి అర్ధశతాబ్దం ముందటి మాట ఇది. ఉద్యోగం విరమించి లండన్ చేరాక, 1865లో అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న చనిపోయాడు.

నిఘంటువుకు 1903లో సవరించిన కూర్పు వచ్చింది. సవరించినవారు ముగ్గురు: ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం. ఈ క్యాంబెల్ లండన్ మిషనరీ సొసైటీ తరఫున కడప ప్రాంతంలో పనిచేసిన మిషనరీ. ఆ విధంగా మొదటి కూర్పుకే కాక రెండో కూర్పుకూ కడప చెయ్యి తగిలింది. ఈరోజు ఇంటర్నెట్‌లో బ్రౌన్ నిఘంటువు పేరుతో జనం వాడుతున్నది ఈ 1903 కూర్పునే.

తరువాతి పెద్ద అడుగు ఒక ఐర్లండ్ వ్యక్తిది. ఐసీఎస్ అధికారిగా వచ్చి, స్వాతంత్ర్యం తరువాత కూడా ఆంధ్రలో కొలువు చేసిన జె.పి.ఎల్. గ్విన్, భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణం రాశాడు. 1991లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. బ్రౌన్ నిఘంటువు కావ్యానికీ కచేరీకీ పనికివస్తే, గ్విన్ నిఘంటువు దినపత్రికకూ నవలకూ పనికివస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్న విద్యార్థికి నూట నలభై ఏళ్ల తెలుగు చేతికందుతుంది.

నిఘంటువు చదువుకున్నవారి పనిముట్టు. చదువు లేనివారి సంగతి వేరు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లిన పత్రికా సంపాదకుడు. ఆ తరువాత ఆయన జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఖర్చయింది. పెద్దవాళ్లకు అక్షరం నేర్పేటప్పుడు వాళ్ల పనిలోని, వాళ్ల వాడుకలోని మాటలతోనే మొదలుపెట్టాలన్నది వయోజన విద్యలో మూలసూత్రం. ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. కోస్తా వాచకంలో నాగలి అని ఉంటుంది. సీమ రైతు దాన్ని మడక అంటాడు. పుస్తకంలో వస్తున్నాడు అని ఉంటుంది. కడప పల్లెలో వచ్చాండాడు అంటారు. పుస్తకం తెలుగూ నోటి తెలుగూ వేరైతే, తెలుగు పుట్టుభాష అయినవాడు కూడా తెలుగు నేర్చుకోవలసి వస్తుంది.

ఈ ఎడాన్ని మొదట శాస్త్రీయంగా కొలిచింది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. జిల్లా జిల్లా తిరిగి రైతుల నోటి నుంచి సేకరించిన మాటలవి. ఏ మాట ఏ జిల్లాలో వాడుకలో ఉందో పక్కనే రాశారు. మడక, గుంటక, గొర్రు, కపిల వంటి సీమ మాటలకు నిఘంటువులో గౌరవంగా చోటు దొరికింది అక్కడే. కడప జిల్లా రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. ఊరి పేరులో చెరువు, గుట్ట, చెట్టు, కులం, తెగిపోయిన వంశం కూడా దాగి ఉంటాయి. తరువాత సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరిన ఆయన, బడికి వెళ్లలేనివారు ఇంటి దగ్గరే చదువుకునే తెలుగు పాఠాల తయారీలో పాలుపంచుకున్నారు.

ఈలోగా కడపలోని బ్రౌన్ బంగ్లా కూలిపోయి మొండిగోడలు మిగిలాయి. వాటి మీద మళ్లీ జనం కళ్లు పడేలా చేసినవారు ఇద్దరు. బంగోరెగా పేరుపడ్డ బండి గోపాలరెడ్డి బ్రౌన్ ఉత్తరాలనూ రాతలనూ తవ్వి తీశారు. జి.ఎన్. రెడ్డితో కలిసి ఆయన పరిష్కరించిన బ్రౌన్ సాహిత్య స్వీయచరిత్రను 1978లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రచురించింది. కడపలో అధ్యాపకుడిగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి, ఆ స్థలంలోనే బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం లేవాలని పట్టుబట్టి, ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు. 1987లో శంకుస్థాపన జరిగింది. 1995లో గ్రంథాలయం తెరుచుకుంది. అది కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమై, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా ఇప్పుడు నడుస్తోంది. తాటాకు గ్రంథాలూ పాత పుస్తకాలూ అక్కడ ఉన్నాయి. మెకంజీ సేకరింపజేసిన కడప జిల్లా ఊళ్ల చరిత్రలను, అంటే కైఫియత్తులను, ఆ కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. బ్రౌన్ పేరు, వేమన పేరు ఒకే సంస్థలో కలవడం ఎంతో సముచితం.

ఇంతవరకూ తాటాకు, కాగితం. తరువాతి దశలో తెలుగు తెర మీదికి ఎక్కింది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువులను కంప్యూటరుకు ఎక్కించే పని చేపట్టి, బ్రౌన్ 1903 కూర్పునూ గ్విన్ నిఘంటువునూ ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. బరువైన పుస్తకంలో పుటలు తిప్పి వెతికే పని ఒక్క నొక్కుతో అయిపోసాగింది. నిఘంటువు కొనలేని పల్లెటూరి విద్యార్థికీ, తెలుగు పుస్తకాల అంగడే లేని దేశంలో ఉన్న ప్రవాసికీ ఒకే పుస్తకం ఒకే రోజున అందింది.

అయితే తెలుగు అక్షరం కంప్యూటరులో కుదురుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలుగులో ఒక అక్షరానికి తలకట్టు పైన, ఒత్తు కింద, గుణింతపు గుర్తు పక్కన వస్తాయి. ఇంగ్లీషు కోసం చేసిన యంత్రం వీటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చగలదు గాని, ఒకదాని కింద ఒకటి అమర్చడం దానికి తెలియదు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతి కట్టారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కనుక దానికి ఆ పేరే నిలిచింది. ఇప్పటికీ చాలామంది తెలుగు టైపు చేసేది దాని వారసత్వంలోనే. పత్రికలు ఒక్కొక్కటి సొంత ఫాంటు పెట్టుకున్నాయి. ఒక పత్రిక ఫాంటు లేకపోతే ఆ పత్రిక తెర మీద పిచ్చిగీతల్లా కనబడేది. అలా రాసిన తెలుగును వెతకడం అసలే కుదిరేది కాదు. వెతకలేని రాత నేర్చుకునేవాడికి పెట్టెలో పెట్టి తాళం వేసిన పుస్తకం లాంటిదే.

ఈ తాళం తీసింది యూనికోడ్. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ ఒక్కో సంఖ్య కేటాయించే ఈ ఏర్పాటులో 1991లోనే తెలుగుకు 128 గదులు దక్కాయి. పదేళ్ల తరువాత విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన గౌతమి ఫాంటుతో మామూలు కంప్యూటరులో తెలుగు సరిగ్గా కనబడటం మొదలైంది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రెండు ఫాంటులు చేసి ఉచితంగా పంచారు. వాటిలో ఒకటి పోతన, రెండోది వేమన. బ్రౌన్ ఎవరి పద్యాలు పోగుచేశాడో ఆ కవి పేరు అలా అక్షరానికే పేరయింది. తరువాత గూగుల్ ఫాంటుల్లో చేరిన తెలుగు అక్షరశైలుల్లో పెద్దన, ధూర్జటి, తిమ్మన, సూరన్న పేర్లున్నాయి. కళాపూర్ణోదయాన్ని పింగళి సూరన అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకు. కర్నూలు సీమ కొలువులో వెలిగిన కవి పేరు ఈనాటి పిల్లల ఫోనుల్లో అక్షరాల పేరుగా ఉంది.

యూనికోడ్ చరిత్రలో కడప జిల్లాకు సూటిగా సంబంధించిన ఘట్టం ఇంకొకటి ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనం ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో ఉంది. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం నాటిది. సుమారు సా.శ. 575 నాటిదని పండితులు చెబుతారు. ఈ వంశపు శాసనాల్లో చోళ అనే మాటను ఇప్పటి ళతో కాక ఴ అనే అక్షరంతో చెక్కారు. తమిళంలో ఇప్పటికీ బతికి ఉన్న ఆ ధ్వని తెలుగులో వెయ్యేళ్ల కిందటే పోయింది. దాంతో అచ్చులోనూ ఆ అక్షరం లేదు. మొదటి యూనికోడ్ పట్టికలోనూ లేదు. శాసనాన్ని ఉన్నదున్నట్లు కంప్యూటరులో రాయాలంటే వీలు లేకపోయేది. 2014లో ఆ అక్షరానికి యూనికోడ్‌లో గది దొరికింది. శాసనాల్లోనే కనబడే ౚ అనే మరో అక్షరం 2015లో చేరింది. పాత తెలుగు నేర్చుకునే విద్యార్థి రేనాటి రాయిని రాయి మీద ఉన్న అక్షరాలతోనే చదవగలుగుతున్నాడు. చూడటానికి చిన్న పనే. వెయ్యేళ్ల ఖాళీని పూడ్చింది.

ఇక పుస్తకాలు. ఈ శతాబ్దం మొదట్లో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాల పుటలకు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉంచింది. ఆ ప్రతులు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. అచ్చు ఆగిపోయిన వ్యాకరణాలు, జిల్లా చరిత్రలు, పాత వాచకాలు మళ్లీ దొరికాయి. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. విక్షనరీ, వికీసోర్స్ దాని వెంట వచ్చాయి. వికీపీడియాలో కడప, కర్నూలు జిల్లాల పల్లెల పేర్లకు కూడా పుటలున్నాయి. రోమన్ అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే లేఖిని వంటి సాధనాలు రాయాలన్న భయం పోగొట్టాయి. 2007లో సిలికానాంధ్ర మనబడి అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. గూగుల్ అనువాదంలో తెలుగు 2011లో చేరింది.

వీటన్నిటిలో తెలుగు మాట కోసం వెతికేవారికి అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చింది ఆంధ్రభారతి అనే వెబ్‌సైటు. బ్రౌన్, గ్విన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, మాండలిక పదకోశాలు ఇలా డజన్ల కొద్దీ నిఘంటువులను ఇది ఒకే చోట వెతికి పెడుతుంది. కొద్దిమంది స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి పుటపుట టైపు చేసి నిలబెట్టిన పని ఇది. కడపలో బ్రౌన్ పండితులు చేసిన పనికి ఈ కాలంలో దగ్గరి చుట్టం ఏదైనా ఉంటే ఇదే. సాధనం ఎంత మంచిదైనా వాడేవారికి ఒక మెలకువ అవసరం. పాత నిఘంటువుల్లో చెఱువు, గొఱ్ఱు అని శకటరేఫతో ఉంటాయి. చెరువు, గొర్రు అని ఇప్పటి రాతలో వెతికితే కొన్నిచోట్ల దొరకకపోవచ్చు. అరసున్న సంగతీ అంతే. అర్థం దొరికాక అది ఏ నిఘంటువు ఇచ్చిందో, ఏ కాలానిదో చూసుకోవాలి. 1852 నాటి అర్థాన్ని ఈనాటి ఉత్తరంలో వాడితే మాట తేడా కొట్టవచ్చు.

డిజిటల్ సాధనాలతో భాషను బతికించుకోవడంలో ఐర్లండ్ నుంచి నేర్వదగ్గది ఒకటుంది. ఐరిష్ భాషకు పాట్రిక్ డినీన్ నిఘంటువు 1904లో వచ్చింది. దాని అచ్చు ఫలకాలు 1916 తిరుగుబాటులో డబ్లిన్ తగలబడినప్పుడు పోయాయి. 1927లో మరింత పెద్దదిగా మళ్లీ అచ్చు వేశారు. తరువాత 1959, 1977ల్లో వచ్చిన రెండు పెద్ద నిఘంటువులను తియాంగ్లన్ అనే వెబ్‌సైటులో 2013లో ఉచితంగా పెట్టారు. ఇంతవరకు తెలుగు కథకు ఇది పోలికే. తేడా ఆ తరువాత వస్తుంది. ఐరిష్‌కు మూడు పెద్ద మాండలికాలున్నాయి. ఆ వెబ్‌సైటులో ఒక మాట మీద నొక్కితే మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ ప్రాంతాల వాళ్లు ఆ మాటను ఎలా పలుకుతారో మూడు గొంతుల్లో వినవచ్చు. ప్రామాణికం ఒకటే సరైనదని చెప్పి మిగిలిన రెండింటినీ తుడిచేయలేదు. 2014లో భాషలు నేర్పే డ్యువోలింగో యాప్‌లో ఐరిష్ కోర్సు వచ్చినప్పుడు ప్రపంచమంతటా లక్షల మంది చేరారు. ఒక మాండలికం ఎంచుకుని వినడానికి వాళ్లకు చోటు సిద్ధంగా ఉంది.

తెలుగులో మాట అర్థం దొరుకుతుంది, ప్రయోగం దొరుకుతుంది, వ్యుత్పత్తి కూడా దొరుకుతుంది. కడప గొంతులో ఆ మాట ఎలా ఉంటుందో నిఘంటువులో నొక్కి వినే వీలు ఇంకా ఏర్పడలేదు. యంత్రం చదివే తెలుగు ఎక్కువగా పత్రికల, టీవీ వార్తల తెలుగు. దానితో తెలుగు నేర్చుకుని ప్రొద్దుటూరు బస్టాండులో దిగిన మనిషికి ఎదుటివాడు యాడికి పోతాండావు అని అడిగితే అర్థం కావడానికి ఒక క్షణం పడుతుంది. ఇది తప్పు మాటా కాదు, మొరటు మాటా కాదు. రేనాటి శాసనాలు పుట్టిన నేల మాట. దాన్ని బయట ఉంచిన సాధనం తెలుగులో కొంత భాగాన్నే నేర్పుతోందన్నమాట.

సీమ గొంతు భద్రపడిన చోట్లు లేకపోలేదు. కడప ఆకాశవాణి 1963 నుంచి మాట్లాడుతోంది. పొలం కబుర్లు, పల్లెపాటలు, నాటికలు సీమ నోటి మాటలోనే వినిపించింది. సీమ కథకులు పాత్రల మాటను ఉన్నదున్నట్లు రాశారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం తెలుగు కథలను పోగుచేసి, వెబ్‌సైటులోనూ పెట్టింది. అందులో సీమ కథలూ చదువుకోవచ్చు. కథ చదివితే మాట కనబడుతుంది. రేడియో వింటే మాట వినబడుతుంది. ఈ రెండింటినీ నిఘంటువు పుటకు కలిపే పని మిగిలి ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన భాషిణి వంటి పథకాలు భారతీయ భాషల్లో మాటల రికార్డులు సేకరిస్తున్నాయి. అందులో సీమ గొంతులు ఎన్ని చేరితే యంత్రానికి సీమ తెలుగు అంత వస్తుంది.

ఈ పనికి విశ్వవిద్యాలయం దాకా పోనక్కర్లేదు. తెలుగు విక్షనరీలో ఏ పదానికైనా ఎవరైనా ఉచ్చారణ రికార్డు చేసి తగిలించవచ్చు. కావలసింది ఒక ఫోను, ఆ మాట పలికే మనిషి. ఎద్దులతో కపిల తోలినవాళ్లు, మోకు పేనినవాళ్లు, గొర్రుతో విత్తనం వేసినవాళ్లు కడప, కర్నూలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటాయి. ఇంట్లో అవ్వా తాతా ఉన్న పాఠకులు ఈ వేసవిలో వాళ్ల దగ్గర కూర్చుని, మడక భాగాల పేర్లు ఒక్కొక్కటీ పలికించి రికార్డు చేసి విక్షనరీలో పెట్టాలి.